తాత వచ్చిన దారి, మనవడు పుట్టిన ఊరు: పౌరసత్వంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పౌరసత్వం గురించి, శరణార్థుల గురించి, పరాయి రాష్ట్రంలోనో పరాయి దేశంలోనో స్థిరపడిన మనవాళ్ల గురించి ఉన్నాయి. మల్కన్‌గిరి నుంచి సిరోంచా దాకా సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువారికి ఇవి పేపర్లో చదివి పక్కన పెట్టే విషయాలు కావు. పక్క వీధిలో, పిల్లల బడిలో, సంతలో ఎదురయ్యే విషయాలు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వీటికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం.

కలిమెల (మల్కన్‌గిరి జిల్లా) నుంచి ఒక ఉపాధ్యాయుడు: మా బ్లాకులో చాలా ఊళ్లకు ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అన్న అక్షరాల పక్కన అంకెలే పేర్లు. అక్కడి బెంగాలీ కుటుంబాల పిల్లలు నా దగ్గర చదువుతున్నారు. తాతలు తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి వచ్చారు, తండ్రులు ఇక్కడే పుట్టారు. అయినా ఏ కార్యాలయానికి వెళ్లినా అనుమానంగా చూస్తున్నారని తల్లిదండ్రులు బాధపడుతున్నారు. చట్టప్రకారం వీరు పౌరులేనా?

మీరు చెప్పిన కుటుంబాల్లో చాలావరకు పౌరులే. తాత ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్నతో మొదలుపెడితే విషయం జటిలంగా కనిపిస్తుంది కానీ, చట్టం ముందుగా చూసేది మనిషి పుట్టిన తేదీని, పుట్టిన చోటును. 1955 పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారతదేశంలో పుట్టినవారు, వారి తల్లిదండ్రులు ఏ దేశస్థులైనా సరే, జన్మతః పౌరులు; విదేశీ రాయబారుల పిల్లల వంటి అతి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 2 వరకు పుట్టినవారికి తల్లిదండ్రులలో కనీసం ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి నిబంధన మరింత బిగిసింది: తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమంగా దేశంలోకి వచ్చినవారు కాకుండా ఉండాలి.

దీన్ని మీ బడి పిల్లలకు అన్వయించి చూడండి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల పునరావాసం కోసం కేంద్ర ప్రభుత్వం చేపట్టిన దండకారణ్య ప్రాజెక్టు 1958లో మొదలైంది. అప్పటి కోరాపుట్ జిల్లాలోని మల్కన్‌గిరి, ఉమర్‌కోట్ ప్రాంతాలకు, అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్‌కు కుటుంబాలను తీసుకువచ్చి స్థిరపరిచారు. అలా వచ్చిన తాత నమోదు చేయించుకున్నా, చేయించుకోకపోయినా, 1965లోనో 1975లోనో మల్కన్‌గిరిలో పుట్టిన కొడుకు పౌరుడే. ఆ కొడుక్కి 1995లో పుట్టిన బిడ్డ కూడా పౌరుడే, ఎందుకంటే తండ్రి పౌరుడు. చిక్కు ఎక్కువగా 2004 డిసెంబరు తరువాత పుట్టిన పిల్లల దగ్గర, అందులోనూ తల్లి గాని తండ్రి గాని ఆలస్యంగా, పత్రాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాల దగ్గర వస్తుంది.

అలా ఆలస్యంగా వచ్చినవారి కోసం 2019లో చేసిన సవరణ చట్టానికి నియమాలు 2024 మార్చి 11న వెలువడ్డాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ దేశాల నుంచి 2014 డిసెంబరు 31 నాటికి వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు దీని కింద దరఖాస్తు చేసుకోవచ్చు. దీర్ఘకాల నివాసం ఆధారంగా పౌరసత్వం కోరేవారు మామూలుగా చివరి 12 నెలలకు ముందున్న కాలంలో 11 సంవత్సరాలు ఇక్కడ గడిపి ఉండాలి. వీరికి అది 5 సంవత్సరాలు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేస్తే, జిల్లా స్థాయిలో పోస్టల్ సూపరింటెండెంట్ ఆధ్వర్యంలోని కమిటీ పత్రాలను పరిశీలించి ప్రమాణం చేయిస్తుంది. దానిపై నిర్ణయం తీసుకునేది రాష్ట్ర స్థాయిలో జనగణన విభాగం డైరెక్టర్ నాయకత్వంలోని సాధికార కమిటీ. ఈ చట్టంలో మతాన్ని అర్హతగా పెట్టడం సరైనది కాదని నా అభిప్రాయం. ఆ మూడు దేశాల్లో మతం పేరిట వేధింపులకు గురైన మైనారిటీలకే ఇది ఉద్దేశించినదని ప్రభుత్వం చెబుతోంది. కానీ వేధింపులకు తాళలేక పారిపోయి వచ్చిన మనిషిని అడగవలసింది ఆ వేధింపు నిజమా కాదా అని మాత్రమే. మన పొరుగునే ఉన్న శ్రీలంక తమిళులు, మయన్మార్ నుంచి వచ్చినవారు ఈ చట్టం వెలుపలే ఉండిపోయారు.

ఉపాధ్యాయులుగా మీ చేతిలో ఉన్నది చిన్న పనేమీ కాదు. బడి ప్రవేశ రిజిస్టరులో రాసే పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్ల అక్షరక్రమం ముప్పై ఏళ్ల తరువాత ఆ పిల్లవాడికి సాక్ష్యంగా నిలబడతాయి. బెంగాలీ పేరును ఒడియాలో ఒక రకంగా, ఇంగ్లీషులో మరో రకంగా రాయడం వల్ల ఎన్నో కుటుంబాలు తరువాత అఫిడవిట్ల చుట్టూ తిరుగుతున్నాయి. పాత పునరావాస శిబిరం కార్డులు, భూమి కేటాయింపు పత్రాలు, పాత ఓటరు జాబితాల నకళ్లు ఇంట్లో ఉంటే పారేయవద్దని, ప్లాస్టిక్ కవరులో దాచుకోమని తల్లిదండ్రులకు చెప్పండి.

జయపురం (కోరాపుట్ జిల్లా) నుంచి ఒక పాఠకుడు: శరణార్థుల పట్ల దయ చూపాలని మీవంటివారు రాస్తూ ఉంటారు. మా అమ్మ కోయ కుటుంబంలో పుట్టింది. ఎక్కడి నుంచో వచ్చినవారికి ప్రభుత్వం పొలం, ఇల్లు, కాలువ ఇచ్చింది. ఇక్కడివారు ఆనకట్టల కింద ఊళ్లు పోగొట్టుకున్నారు. ముందు వారికి న్యాయం చేయకుండా వీరికి పౌరసత్వమా?

మీ కోపంలో నిజం ఉంది. ఆ నిజాన్ని పక్కన పెట్టి శరణార్థుల గురించి మాట్లాడేవారి మాట ఈ జిల్లాల్లో చెల్లదు. మాచ్‌ఖండ్, బలిమెల ప్రాజెక్టుల్లో తెలుగువారికీ వాటా ఉంది; ఆ కరెంటుతో వెలిగిన ఇళ్లలో మన ఇళ్లు కూడా ఉన్నాయి. బలిమెల జలాశయం నిండిన తరువాత చిత్రకొండ అవతల పదుల కొద్దీ ఆదివాసీ గ్రామాలు మూడు వైపుల నీటితో, ఒక వైపు కొండలతో వేరుపడిపోయి, కటాఫ్ ఏరియా అన్న పేరుతోనే మిగిలాయి. రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా లాంచీ కోసం ఎదురుచూసే స్థితి దశాబ్దాల పాటు సాగింది. ఆ గ్రామాలను కలిపే గురుప్రియ వంతెన వాడుకలోకి వచ్చింది 2018లో. పౌరసత్వం విషయంలో వారికి ఏ సందేహమూ లేదు. పుట్టుకతోనే, పూర్వీకుల నుంచే వారు ఈ దేశ పౌరులు. పౌరసత్వం చేతిలో ఉన్నంత మాత్రాన రాజ్యం మనిషిని పట్టించుకుంటుందన్న హామీ లేదనడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు తెలియదు.

దండకారణ్య ప్రాజెక్టు రూపకర్తలు ఈ నేలను దాదాపు ఖాళీగా ఉన్న అడవిగా చూశారు. నిజానికి అది పోడు వ్యవసాయానికి, విప్పపువ్వుకు, పశువుల మేతకు, వేటకు కోయలు, గదబలు, పరజలు తరతరాలుగా వాడుకుంటున్న నేల. వారి చేతుల్లో పట్టా కాగితాలు లేవు కాబట్టి కాగితంపై అది ఖాళీ. బాగుచేసిన భూమిలో కొంత భాగం స్థానిక ఆదివాసులకు ఇవ్వాలన్న నిబంధన ఆనాడే ఉన్నా, అడవి తరిగిన తరువాత మారిపోయిన బతుకుకు ఆ నిబంధన పరిహారం కాలేకపోయింది. ఎవరినైనా ఎక్కడైనా స్థిరపరచేటప్పుడు ముందు అక్కడివారిని అడగాలన్న ఆలోచన ఆ రోజుల్లో ప్రభుత్వానికి లేదు. ఇప్పుడు షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు ఆ హక్కు 1996 పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం ద్వారా దక్కింది, అమలు మాత్రం అంతంతే.

అయితే రెండో పక్షాన్ని కూడా చూడండి. ఇక్కడికి తెచ్చినవారిలో అత్యధికులు నామశూద్రులు, దళితులు, డెల్టా నేలల్లో నీటి మధ్య వరి పండించిన రైతులు. వారు మల్కన్‌గిరిని ఎంచుకుని రాలేదు. శిబిరాల్లో ఉంచి, ఇక్కడికి వెళ్లకపోతే నెలనెలా ఇచ్చే సాయం ఆపేస్తామని చెప్పి పంపిన కుటుంబాలున్నాయి. ఎర్ర రాతి నేల, ఎండాకాలం నీటి కరువు, అర్థంకాని భాషలు, మలేరియా వారికి ఎదురయ్యాయి. 1978లో వేల కుటుంబాలు తట్టుకోలేక బెంగాల్‌కు తిరిగి వెళ్లి సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకుంటే, 1979లో అక్కడి ప్రభుత్వం దిగ్బంధం విధించి, పోలీసుల చేత ఖాళీ చేయించింది. ప్రాణాలు పోయాయి. బతికినవారిలో చాలామంది మళ్లీ ఈ దండకారణ్యానికే తిరిగి వచ్చారు. మీ అమ్మగారి తరం కోయలకు, ఆ తరం నామశూద్రులకు జరిగిన అన్యాయాల వెనుక ఉన్నది ఒకే తీరు పాలన: పేదవారిని అడగకుండా వారి చోటును నిర్ణయించడం.

కాబట్టి నా సమాధానం ఇది. 1956 నాటి ఒడిశా భూబదలాయింపు నిబంధన, 2002లో దానికి చేసిన సవరణతో కలిపి, షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు పోకుండా అడ్డుకుంటుంది. అది ఏ రూపంలోనూ సడలకూడదు. బెంగాలీ రైతుకైనా, మన తెలుగు వ్యాపారికైనా అది సమానంగా వర్తించాలి. ఈ జిల్లాల్లో అప్పుల పేరుతో, బినామీ పేర్లతో ఆదివాసీ భూమిని అనుభవించినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదని మనం ఒప్పుకోవాలి. అదే సమయంలో, అరవై ఏళ్ల క్రితం ప్రభుత్వమే తెచ్చి కూర్చోబెట్టిన మనిషి మనవడిని నువ్వు ఎవరివని అడగడం వల్ల ఒక్క ఎకరం కూడా ఆదివాసులకు తిరిగి రాదు. భూమి తగవు భూమి చట్టంతో తేలాలి, పౌరసత్వం తగవు పౌరసత్వ చట్టంతో తేలాలి. రెండింటినీ కలిపేస్తే సంతలో ఒకరి సరుకు ఒకరు కొనని రోజు వస్తుంది, నష్టపోయేది రెండు ఊళ్లూ.

ఇంకొక మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసులు కానివారు హక్కు పొందాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 సంవత్సరాలు, ఆ అడవిపై ఆధారపడి బతికి ఉండాలి. దేశ విభజన తరువాత వచ్చినవారు ఆ లెక్కను అందుకోలేరు. అంటే ఆదివాసుల అటవీ హక్కుకు శరణార్థుల పౌరసత్వం పోటీ కాదు. మీ అమ్మగారి ఊరిలో వ్యక్తిగత పట్టాలతో పాటు సామూహిక అటవీ హక్కుల దరఖాస్తు పెట్టారో లేదో గ్రామసభలో అడగండి. చాలా ఊళ్లు ఆ రెండో దరఖాస్తును వదిలేస్తున్నాయి.

మోహనా (గజపతి జిల్లా) నుంచి ఒక విద్యార్థిని: చంద్రగిరిలో టిబెటన్లు అరవై ఏళ్లుగా ఉన్నారు. మా కన్నా బాగా ఒడియా మాట్లాడతారు, సంతలో తెలుగు కూడా మాట్లాడతారు. అయినా పౌరులు కారట. ఎందుకు?

1959లో దలైలామా వెంట వచ్చిన టిబెటన్లలో కొందరిని ప్రభుత్వం 1963లో చంద్రగిరి కొండల్లో స్థిరపరిచింది. వారు మొక్కజొన్న పండిస్తారు, చలికాలంలో బరంపురం నుంచి విశాఖ దాకా ఊలు స్వెట్టర్లు అమ్ముతారు. జిరంగలో కట్టుకున్న పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామాయే ప్రారంభించారు. చట్టం దృష్టిలో వారిలో చాలామంది ఇప్పటికీ విదేశీయులే. ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకునే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఆధారంగా ఉంటున్నారు. అలాగని అందరూ అర్హత లేనివారు కారు. మొదటి సమాధానంలో చెప్పిన 1987 నియమం వీరికీ వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు, ఆ తరువాత కర్ణాటక హైకోర్టు స్పష్టం చేశాయి. 1987 జూలై 1కి ముందు చంద్రగిరిలో పుట్టినవారు కోరుకుంటే పౌరులుగా గుర్తింపు పొందవచ్చు, ఓటరుగా నమోదు కావచ్చు.

చాలామంది ఎందుకు కోరుకోవడం లేదన్నదే మీ ప్రశ్నలో అసలు విషయం. భారత పౌరసత్వం తీసుకుంటే టిబెట్‌కు తిరిగి వెళ్లాలన్న ఆశను వదులుకున్నట్టవుతుందని పెద్దవారు భావిస్తారు. ఉద్యోగం, పాస్‌పోర్టు, సొంత భూమి కావాలనుకునే యువతకు ఆ ఆశ భారంగా కూడా అనిపిస్తుంది. ఒకే ఇంట్లో తండ్రి సర్టిఫికెట్ పునరుద్ధరణకు వెళుతుంటే, కూతురు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడుతున్న సందర్భాలున్నాయి. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేము. స్థానిక సమాజంలో కలిసిపోవడానికీ, పాత దేశాన్ని మనసులో ఉంచుకోవడానికీ మధ్య వైరుధ్యం లేదని చంద్రగిరి అరవై ఏళ్లుగా చూపిస్తోంది. పౌరసత్వం లేకుండానే వారు మీ ఊరి భాష నేర్చుకున్నారు, మీ ఊరికి పంట అమ్మారు. చట్టం చేయవలసింది తలుపు తెరిచి ఉంచడం. లోపలికి ఎప్పుడు రావాలో వారికి వదిలేయడం.

రాజ్యాంగంలో 14, 21 అధికరణలు పౌరులకే పరిమితం కాదన్న సంగతి కూడా మీకు తెలియాలి. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ప్రాణానికి, వ్యక్తిగత స్వేచ్ఛకు రక్షణ ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉంది. అయితే మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై గాని, 1967 ప్రోటోకాల్‌పై గాని సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అందుకే టిబెటన్లకు ఒక పద్ధతి, శ్రీలంక తమిళులకు ఒక పద్ధతి, మరొకరికి మరొక పద్ధతి అన్నట్టుగా కేవలం ఆదేశాలతో నడుస్తోంది. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం కూడా ఈ లోటును పూడ్చలేదు. ఇది పూడ్చవలసిన లోటే.

బరంపురం (గంజాం జిల్లా) నుంచి ఒక విశ్రాంత గుమాస్తా: మా తాత గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్లాడు. 1942లో నడిచి వచ్చేశాడు. ఆయన తమ్ముడి కుటుంబం అక్కడే ఉండిపోయింది. నూరేళ్లయినా వాళ్లను ఆ దేశం తనవాళ్లుగా చూడడం లేదని విన్నాను. అలా కూడా చట్టం ఉంటుందా?

ఉంటుంది. గంజాం, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు రంగూన్ రేవులో ఓడల సరుకు దించారు, రిక్షాలు లాగారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె సందర్భంగా వారిపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది అడవుల గుండా నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవారికి లెక్కలేదు. 1960లలో దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరో విడత వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ కాందిశీకుల వల్లనే నిలిచింది.

అక్కడే ఉండిపోయినవారి సంగతి బర్మా (నేటి మయన్మార్) చేసిన 1982 పౌరసత్వ చట్టంతో మారింది. ఆ చట్టం పౌరులను మూడు తరగతులుగా విడదీసింది. 1823కు ముందు నుంచి ఆ నేలపై ఉన్నట్టు గుర్తించిన జాతులవారు పూర్తి పౌరులు, వారికి గులాబీ రంగు కార్డు. 1948 చట్టం కింద అప్పటికే దరఖాస్తు చేసుకున్నవారు అనుబంధ పౌరులు, వారిది నీలం కార్డు. 1948 జనవరి 4కు ముందే వచ్చామని రుజువు చేసుకోగలిగినవారిది మూడో తరగతి, ఆకుపచ్చ కార్డు. మీ చిన్నతాతగారి మనవలు ఏ కార్డు పట్టుకున్నారో దాన్ని బట్టి వారి చదువు, ఉద్యోగం, ప్రయాణం నిర్ణయమవుతాయి. ఏ కార్డూ లేనివారు ఏ దేశానికీ చెందనివారుగా మిగులుతారు. రోహింగ్యాలకు పట్టిన గతికి మూలం ఈ చట్టంలోనే ఉంది.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. రుజువు భారం మొత్తం పేదవాడి నెత్తిన పెట్టి, ఎప్పుడో గతించిన ఒక తేదీని గీతగా గీసే చట్టం మనవాళ్ల మీద ఎలా పనిచేసిందో మన ఇళ్లలోనే తెలిసినవారున్నారు. మన దేశంలో అటువంటి గీతలు గీయాలని ఎవరైనా అడిగినప్పుడు బరంపురం పెద్దలు ఈ కథ చెప్పాలి.

సిరోంచా (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర) నుంచి ఒక యువకుడు: మా నాన్న 1985లో కరీంనగర్ వైపు నుంచి ప్రాణహిత దాటి ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, మరాఠీలో చదివాను. మాది షెడ్యూల్డు కులం. ఇక్కడ కుల ధ్రువపత్రం అడిగితే మీ రాష్ట్రానికి వెళ్లమంటున్నారు. ఒకే దేశ పౌరుడిని కదా, నేనూ వలసదారుడినేనా?

మీరు ఈ దేశ పౌరులు, మహారాష్ట్రలో ఉండడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు. 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా తిరిగే, స్థిరపడే హక్కును ఇస్తుంది. మన రాజ్యాంగంలో రాష్ట్ర పౌరసత్వం అనేది లేదు. అయినా మీ ఇబ్బంది నిజమైనదే, దానికి మూలం 341వ అధికరణలో ఉంది. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది: ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందిన విద్యార్థి తండ్రి ఉద్యోగం వల్ల ముంబయికి చేరినా, మహారాష్ట్రలో ఆ రిజర్వేషన్ పొందలేడని. 1950లో ఆ జాబితాల ఉత్తర్వులు వెలువడిన నాటికే ఇప్పటి మహారాష్ట్రలో స్థిరపడి ఉన్న సిరోంచా తెలుగు కుటుంబాలకు, వారి కులం ఇక్కడి జాబితాలో ఉంటే, ఈ చిక్కు రాదు. మీ నాన్నగారు 1985లో వచ్చారు కాబట్టి మీకు మూల రాష్ట్రపు ధ్రువపత్రమే వర్తిస్తుంది. దానితో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. మహారాష్ట్ర రాష్ట్ర ఉద్యోగాల్లో ఆ కోటా అందదు. 15 సంవత్సరాల నివాసం చూపి ఇక్కడి నివాస ధ్రువపత్రం మాత్రం తీసుకోండి, జనరల్ కోటాలో చాలా చోట్ల అది అవసరం.

ఈ నియమం న్యాయమైనదేనా అని మీరు అడగకపోయినా చెబుతాను. ఒక కులం ఒక రాష్ట్రంలో అనుభవించిన వివక్ష మరో రాష్ట్రంలో ఉండకపోవచ్చన్నది దాని వెనుక తర్కం. కానీ మీరు సిరోంచాలోనే పుట్టి, సిరోంచాలోనే వివక్ష చూసి ఉంటే ఆ తర్కం మీ దగ్గర నిలవదు. మీ జిల్లాలోనే ముల్చేరా, చామోర్షి తాలూకాల్లో ఉన్న నామశూద్ర శరణార్థి కుటుంబాలదీ ఇదే బాధ. వారు ఒడిశా జాబితాలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్ర జాబితాలో కాదు. రెండో తరం వారికి పుట్టిన రాష్ట్రంలోనే హక్కు దక్కేలా పార్లమెంటు చట్టం సవరించాలి. ఆ కుటుంబాలతో కలిసి మీరు ఈ డిమాండు పెడితే ఒంటరిగా పెట్టినదాని కన్నా బలంగా ఉంటుంది.

మీరు మరాఠీలో చదవడం మీకు మేలే చేసింది. 2020 చట్టం ప్రకారం ఆ రాష్ట్రపు బడులన్నింటిలో మరాఠీ తప్పనిసరి, అందులో తప్పు లేదు. దానితో పాటు 350ఎ అధికరణ ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. ఊరి భాష నేర్చుకోవడం పిల్లల బాధ్యత అయితే, ఇంటి భాషకు చోటివ్వడం ప్రభుత్వ బాధ్యత. రెండోది అడగకుండా మొదటిదాన్నే అడుగుతూ పోతే పిల్లలు బడి మానేస్తారు.

రాయగడ నుంచి ఒక తల్లి: మా అబ్బాయి జర్మనీలో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి పౌరసత్వం తీసుకుంటానంటున్నాడు. ఇక్కడి పొలం ఏమవుతుంది? తీసుకోమనాలా, వద్దనాలా?

2024 జూన్ 27 నుంచి జర్మనీ తన నియమాలు మార్చింది. 8 సంవత్సరాల బదులు 5 సంవత్సరాల నివాసం చాలు, పాత పౌరసత్వం వదులుకోనక్కరలేదు. కానీ మన వైపు నియమం మారలేదు. పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం రద్దవుతుంది. పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోవాలి. దానితో ఎప్పుడైనా వచ్చి ఎంతకాలమైనా ఉండవచ్చు. ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. మీ పొలం వారసత్వంగా మాత్రం అతనికి రావచ్చు. కాబట్టి పొలం పేరు మీద వద్దనడానికి కారణం లేదు, అతని పేరున కొత్తగా కొనాలన్న ఆలోచన ఉంటే ముందే ఆలోచించుకోండి.

జర్మనీ ఈ స్థితికి రావడానికి చాలా కాలం పట్టింది. 1961 నుంచి టర్కీ కార్మికులను పనికి పిలిపించుకుని, పని అయిపోగానే వెళ్లిపోతారని అనుకుంది. వారు కుటుంబాలతో ఉండిపోయారు. అక్కడే పుట్టి అక్కడే చదివిన వారి పిల్లలు కూడా 2000 సంవత్సరం వరకు పుట్టుకతో విదేశీయులే. 2005 నుంచి కొత్తగా వచ్చినవారికి 600 గంటల భాషా బోధన, దానితో పాటు ఆ దేశపు చట్టాలు, చరిత్రపై మరో తరగతి పెట్టారు. నేర్చుకో అని ఆదేశించడంతో ఆగకుండా నేర్పే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తోంది. మీ అబ్బాయి ఓటు వేయగలిగిన చోట, తన పన్నుల గురించి మాట్లాడగలిగిన చోట బతకాలనుకోవడం సహజమే. నన్నడిగితే తీసుకోమనండి. మల్కన్‌గిరిలో ఎవరైనా అదే కోరుకున్నప్పుడు మీ అబ్బాయి కోరికను గుర్తు తెచ్చుకోండి.

గుణుపురం (రాయగడ జిల్లా) నుంచి ఒక గృహిణి: మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురికి ఆధార్ ఉంది, జనన ధ్రువపత్రం లేదు. ఆధార్ ఉంటే చాలదా? పాప వయసు మూడేళ్లు.

చాలదు. ఏడాదిలో 182 రోజులు దేశంలో నివసించిన ఎవరికైనా ఆధార్ ఇస్తారు. అది పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. జనన ధ్రువపత్రం ఇప్పుడే తీయించండి. పుట్టిన 21 రోజుల్లో నమోదు ఉచితం. ఏడాది దాటిన తరువాత జిల్లా మేజిస్ట్రేట్ లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పుట్టి ఉంటే డిశ్చార్జి కాగితం, ఇంట్లో పుట్టి ఉంటే ఆశా కార్యకర్త లేదా అంగన్‌వాడీ రికార్డులోని నమోదు, టీకాల కార్డు, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు వెంట తీసుకువెళ్లాలి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం అవుతుంది కాబట్టి, పాప ఆ తేదీకి కొద్దిగా ముందు పుట్టినా వాయిదా వేయవద్దు. ఆమెకు కార్యాలయంలో మాట్లాడడం కష్టమైతే మీరు ఒకసారి తోడు వెళ్లండి. దరఖాస్తులో పాప పేరు, తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.